రాబెన్ ఐలాండ్ టూర్: ఖైదీ నంబరు చెబుతారు, ప్లీడరు సంగతి చెప్పరు

కేప్‌టౌన్ దాకా వెళ్లినవాళ్లు, మండేలాను ఖైదు చేసిన జైలు దీవి రాబెన్ ఐలాండ్ చూడాలా వద్దా అంటే, చూసి తీరాలి. అందులో రెండో మాట లేదు. కానీ నెల్సన్ మండేలా జీవితం తెలుసుకుందామని పడవ ఎక్కేవాళ్లకు ఈ టూర్ సగమే ఇస్తుంది. 466/64 నంబరు ఖైదీ, అంటే 1964లో ఆ జైలుకి వచ్చిన 466వ మనిషి, బాగానే కనిపిస్తాడు. 1952లో ఉద్యమ సహచరుడు ఒలివర్ టాంబోతో కలిసి జోహానెస్‌బర్గ్ మేజిస్ట్రేట్ కోర్టు ఎదురుగా ప్రాక్టీసు పెట్టిన ప్లీడరు మాత్రం ఎక్కడా కనిపించడు. ఆ ప్లీడరు దీవిలో కూడా పని మానలేదు. జైలు రూల్సునే చట్టంగా పట్టుకుని 18 ఏళ్లు అధికారులతో వాదించాడు. అది తెలిసి వెళ్తే అవే గోడలూ అదే క్వారీ ఇంకోలా కనిపిస్తాయి. అందుకని టూర్ ఎలా నడుస్తుందో చెబుతూనే, గైడ్ దాటేసే చోట్ల ఏం జరిగిందో కూడా ఇక్కడ రాస్తున్నాను.

ముందు టికెట్ సంగతి. పడవ బయల్దేరేది వి అండ్ ఏ వాటర్‌ఫ్రంట్‌లో క్లాక్ టవర్ దగ్గరున్న నెల్సన్ మండేలా గేట్‌వే నుంచి. మామూలుగా ఉదయం 9, 11, మధ్యాహ్నం 1 గంటకు పడవలుంటాయి. రద్దీ కాలంలో 3 గంటలకు ఇంకొకటి వేస్తారు. టికెట్లు మ్యూజియం సొంత వెబ్‌సైట్లోనే కొనండి. వాటర్‌ఫ్రంట్‌లో ఇతర పడవలవాళ్లు అమ్మే కొన్ని విహారాలు దీవి చుట్టూ తిప్పి తీసుకొస్తాయి తప్ప ఒడ్డున దించవు. పేరు చూసి కొని, జైలు చూడకుండానే తిరిగొచ్చే ప్రమాదం ఇక్కడే ఉంది. దీవిలో దిగే టూర్ నడిపేది మ్యూజియమే. డిసెంబరు, జనవరి నెలల్లో సీట్లు చాలా ముందే అయిపోతాయి. ఆ నెలల్లో అక్కడికి చేరాక చూసుకుందాం అనుకుంటే పని జరగదు.

గాలి దెబ్బ ఇంకా పెద్దది. ఎండాకాలంలో, అంటే అక్కడి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఆగ్నేయం నుంచి వీచే గాలి ఒక్కోసారి రోజుల తరబడి తగ్గదు. చలికాలంలో వాయవ్యం నుంచి తుపాన్లు, పెద్ద అలలు. రెండు కాలాల్లోనూ పడవలు రద్దవుతాయి. కట్టిన డబ్బు తిరిగిస్తారు, లేదా ఖాళీ ఉంటే ఇంకో రోజుకి మారుస్తారు. కానీ ఊళ్లో మీ చివరి రోజుకి బుక్ చేసుకుని ఉంటే మార్చుకునే రోజే ఉండదు. అందుకే బసలో మొదటి రోజుకో రెండో రోజుకో, అదీ ఉదయం 9 గంటల పడవకి పెట్టుకోండి. పొద్దున గాలి కాస్త నెమ్మదిగా ఉంటుంది, మధ్యాహ్నానికి పుంజుకుంటుంది. పడవ బయల్దేరే సమయానికి అరగంట ముందు చేరాలి; సంచీల తనిఖీ, క్యూ ఉంటాయి. ఆ ఖాళీలో గేట్‌వే లోపలి ప్రదర్శన చూడొచ్చు. అదే వాటర్‌ఫ్రంట్‌లో జెట్టీ 1 అనే చిన్న కట్టడం ఉంది. ఖైదీలనూ, వాళ్లను చూడ్డానికొచ్చిన బంధువులనూ పడవ ఎక్కించిన రేవు అది. చాలామంది దాని ముందు నుంచే నడిచిపోతారు కానీ లోపలికి వెళ్లరు. పది నిమిషాలు చాలు, తప్పకుండా చూడండి.

మొత్తం టూర్ మూడున్నర గంటలు. పడవని బట్టి ఒక్కో వైపు ప్రయాణానికే అరగంట నుంచి గంట పోతుంది. టేబుల్ బే నీళ్లు ఊపేస్తాయి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మాత్ర ఎక్కాక కాదు, అరగంట ముందే వేసుకోవాలి. ఎండ కాస్తున్నా జాకెట్ ఉండాలి. దీవిలో చిన్న దుకాణం తప్ప భోజనం దొరకదు, కాబట్టి నీళ్లు, తినడానికి ఏదైనా వెంట పెట్టుకోండి. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వెళ్లేటప్పుడు వెనక డెక్ మీద నిలబడితే టేబుల్ మౌంటెన్ మొత్తం కళ్ల ముందుంటుంది.

దీవిలో టూర్ రెండు ముక్కలు: బస్సులో ముప్పావుగంట, జైల్లో ఇంచుమించు అంతే. ఏది ముందు అన్నది ఆ రోజు జనాన్ని బట్టి మారుతుంది. బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకోండి, ఎందుకంటే చాలా చోట్ల దిగనివ్వరు. కుష్ఠు రోగుల శ్మశానం, వాళ్ల కోసం 1895లో హెర్బర్ట్ బేకర్ గీసిన ప్లానుతో కట్టిన చర్చి, లైట్‌హౌస్, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగులు వరసగా వెళ్లిపోతాయి. ఇవన్నీ దీవి చరిత్రకి కావలసినవే, అక్కడ గైడ్ చెప్పేది చాలు. చాలనిది రెండు చోట్ల.

మొదటిది రాబర్ట్ సొబుక్వే ఇల్లు. పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ నాయకుడు. 1960లో పాస్ చట్టాలకు, అంటే నల్లవాళ్లు ఎక్కడికెళ్లినా అనుమతి పుస్తకం వెంట ఉంచుకోవాలనే చట్టాలకు, వ్యతిరేకంగా ఉద్యమం నడిపినందుకు మూడేళ్ల శిక్ష పడింది. 1963లో ఆ శిక్ష పూర్తయింది. విడుదల చేయాల్సిన సమయానికి పార్లమెంటు ఒక కొత్త సెక్షన్ తెచ్చింది: శిక్ష ముగిసిన మనిషిని కూడా మంత్రి అనుకుంటే లోపలే ఉంచొచ్చు, ఏటా పొడిగించుకోవచ్చు. దాన్ని జనం సొబుక్వే క్లాజ్ అనే పిలిచారు. అలా 1969 వరకు ఆరేళ్లు, ఏ కోర్టూ ఏ తీర్పూ లేకుండా, ఆయన్ని ఈ ఇంట్లో మిగతా ఖైదీలకు దూరంగా ఒంటరిగా ఉంచారు. తర్వాత కింబర్లీ పట్టణం దాటకూడదని ఆంక్షలు పెట్టారు. ఆయన అక్కడే న్యాయశాస్త్రం పూర్తి చేసి 1975లో లాయరుగా ప్రాక్టీసు పెట్టి, 1978లో చనిపోయారు. బస్సు ఇక్కడ ఆగేది కొద్ది నిమిషాలే. ఒక మనిషిని ఉంచడానికే చట్టం చేసిన ఇల్లది. టూర్ మొత్తంలో ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇదేనని నా అభిప్రాయం.

రెండోది సున్నపురాయి క్వారీ. 1965 జనవరి నుంచి రాజకీయ ఖైదీలను ఇక్కడ తవ్వకానికి పెట్టారు. తెల్లటి రాతి మీద ఎండ పడి వచ్చే మెరుపుకి కళ్లు దెబ్బతిన్నాయి. నల్ల కళ్లద్దాలు అడిగితే ఇవ్వడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. గోడలో కనిపించే గుహలాంటి తొలుపు వాళ్లకు మరుగుదొడ్డి, అదే చర్చలూ చదువులూ సాగిన చోటు. క్వారీ ముందున్న రాళ్ల గుట్టను గైడ్ చూపిస్తారు. 1995 ఫిబ్రవరిలో పాత ఖైదీలందరూ మళ్లీ కలిసినప్పుడు మండేలా మొదటి రాయి పెట్టారు, తర్వాత ఒక్కొక్కరూ ఒక్కోటి వేశారు. దాన్ని ఎవరూ కట్టలేదు, మనుషులు పేర్చుకుంటూ పోయారు. ఫొటో తీసేటప్పుడు ఆ గుట్ట వెనక క్వారీ గోడ కూడా వచ్చేలా నిలబడండి.

ఇక జైలు. ఇక్కడ గైడ్లు ఒకప్పటి రాజకీయ ఖైదీలు. ఈ టూర్‌ని ప్రపంచంలో మరే జైలు మ్యూజియంతోనూ పోల్చలేకుండా చేసేది ఇదే. అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. మండేలాను 1982లో ఈ దీవి నుంచి పోల్స్‌మూర్ జైలుకి మార్చేశారు. ఇప్పుడు గైడ్లుగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది 1976 సొవెటో విద్యార్థుల తిరుగుబాటు తర్వాతి తరం. 1984లో వచ్చినవాళ్లు మండేలాను ఇక్కడ చూడనే లేదు. కాబట్టి ఆయన గురించే గుచ్చి గుచ్చి అడిగి వాళ్ల సొంత కథ చెప్పనివ్వకపోవడం పెద్ద పొరపాటు. అడగాల్సినవి వేరే ఉన్నాయి: మీ మీద ఏ చట్టం కింద కేసు పెట్టారు, మీ తరఫున ఎవరు వాదించారు, నేరం ఒప్పుకోమని ఎన్ని రోజులు విచారణ లేకుండా ఉంచారు, జైల్లో ఫిర్యాదు ఎలా రాసేవారు? 1967 టెర్రరిజం యాక్ట్ కింద పోలీసులు విచారణ లేకుండా ఎన్నాళ్లైనా నిర్బంధించగలిగేవారు. ఈ ప్రశ్నలు వేస్తే గైడ్ బట్టీపట్టి అప్పజెప్పే మాటలు ఆగిపోయి అసలు మాటలు మొదలవుతాయి. ఈ మనుషులు పెద్దవాళ్లవుతున్నారు, చివరి రాజకీయ ఖైదీలు బయటికొచ్చిందే 1991లో. వెళ్లే ఆలోచన ఉంటే వాయిదా వేయొద్దు.

అందర్నీ పొడవాటి పెద్ద గదిలో కూర్చోబెడతారు. బస్సు మొత్తం ఒక్కసారే లోపలికొస్తుంది కనుక మాట ప్రతిధ్వనిస్తుంది. ముందు వరసలో కూర్చుంటేనే స్పష్టంగా వినిపిస్తుంది. అక్కడే ఖైదీల భోజనం కార్డు పెద్దదిగా చేసి పెట్టి ఉంటుంది. 'కలర్డ్, ఏషియాటిక్' (మిశ్రమ జాతివాళ్లు, ఆసియావాళ్లు) ఒక వరస, 'బంటూ' (ఆఫ్రికన్లు) ఇంకో వరస. మాంసం మొదటి వరసకి రోజుకి 6 ఔన్సులు, రెండో వరసకి 5. జామ్ మొదటి వరసకి ఒక ఔన్సు, రెండోదానికి సున్నా. బట్టల్లోనూ అంతే: ఆఫ్రికన్లకు పొట్టి నిక్కర్లు, భారత సంతతివాళ్లకు పొడుగు ప్యాంట్లు. ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర అని పెట్టిన రివోనియా కేసులో మండేలాతో పాటు యావజ్జీవం పడి ఈ దీవికొచ్చినవాళ్లలో అహ్మద్ కత్రాడా అందరికన్నా చిన్నవాడు. ఆయనకు ప్యాంటూ మేజోళ్లూ ఇచ్చి, పెద్దవాళ్లైన మండేలా, వాల్టర్ సిసులులకు నిక్కర్లు ఇచ్చారు. అదే కేసులో శిక్ష పడిన డెనిస్ గోల్డ్‌బర్గ్ తెల్లవాడు కనుక ఆయన్ని అసలు ఈ దీవికే పంపలేదు, ప్రిటోరియాలో ఉంచారు. ఆ కార్డు ముందు రెండు నిమిషాలు ఆగి ప్రతి వరసా చదవండి. జాతి వివక్ష అంటే ఔన్సుల లెక్క అని అక్కడే అర్థమవుతుంది.

తర్వాత బి సెక్షన్. మండేలా గది సుమారు 8 అడుగులు, 7 అడుగులు. చాప, దుప్పట్లు, చిన్న బల్ల, బకెట్. లోపలికి వెళ్లనివ్వరు, కటకటాల బయటి నుంచే చూడాలి. వెనక జనం తోస్తుంటారు కనుక మనిషికి పదిపదిహేను సెకన్లు దక్కుతాయి. వరసలో అందరికన్నా చివర నిలబడితే ఇంకాస్త సమయం దొరుకుతుంది. నిజానికి ఇక్కడ గదికన్నా ముందున్న ఆవరణే ఎక్కువ చెబుతుంది. క్వారీకి ముందు ఇక్కడే కూర్చోబెట్టి రాళ్లు కొట్టించారు. తర్వాత ఇదే ఆవరణలో మండేలా తోట పెంచారు, రహస్యంగా రాసిన ఆత్మకథ చేతిప్రతిని ఇక్కడి మట్టిలోనే పాతిపెట్టారు. 1976లో విడుదలైన తోటి ఖైదీ మాక్ మహరాజ్ దాని నకలు బయటికి దాటించారు. మరుసటి ఏడు గోడ కడుతూ తవ్వితే పాతిపెట్టిన కాగితాలు దొరికాయి. శిక్షగా మండేలా, సిసులు, కత్రాడాలకు నాలుగేళ్లు చదువుకునే హక్కు తీసేశారు. అప్పటికే మండేలా కరస్పాండెన్స్ ద్వారా ఎల్ఎల్‌బీకి చదువుతున్నారు. ప్రాక్టీసు పెట్టేనాటికి ఆయనకి అటార్నీ అర్హత ఉంది కానీ లా డిగ్రీ లేదు. యూనివర్సిటీ ఆఫ్ సౌతాఫ్రికా నుంచి ఆ పట్టా 1989లో, ఇంకా ఖైదులో ఉండగానే వచ్చింది.

ఇప్పుడు టూర్ చెప్పని భాగం. 1963 మేలో మొదటిసారి ఈ దీవికి తెచ్చినప్పుడు ఒక అధికారి కొట్టడానికి మీదికొచ్చాడు. చెయ్యి వేశావంటే దేశంలోని అత్యున్నత కోర్టు దాకా ఈడుస్తానని మండేలా చెప్పారు, అతను ఆగిపోయాడు. ఆ తర్వాతి ఏళ్లలో ఇతర సెక్షన్ల ఖైదీలు తమ కేసు కాగితాలు దొంగచాటుగా పంపేవారు, ఆయన అప్పీళ్లు రాసి పంపేవారు. ఆయన్ని లాయర్ల జాబితా నుంచి తీసేయాలని ట్రాన్స్‌వాల్ లా సొసైటీ 1954లోనే ప్రయత్నించింది. అప్పుడు వాల్టర్ పొలాక్ అనే పేరున్న లాయరు ఫీజు తీసుకోకుండా వాదించి గెలిపించారు. రాజకీయ నమ్మకం కోసం చట్టం ధిక్కరించడం ఆ వృత్తికి అనర్హత కాదని కోర్టు చెప్పింది. ఖైదులో ఉండగా అదే సొసైటీ మళ్లీ వచ్చింది. ఈసారి నా కేసు నేనే వాదించుకుంటాను, దానికి క్వారీ పని నుంచి సెలవు, రాసుకోవడానికి బల్ల, కుర్చీ, ప్రిటోరియాలో లైబ్రరీ కావాలని మండేలా వరసగా ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలకు జవాబు చెప్పలేక చివరికి వాళ్లే ఆ ప్రయత్నం మానుకున్నారు. ఇది ఫక్తు కోర్టు పక్షిలా ఆలోచించే మనిషి చేసే పని.

అన్నిటికన్నా ముఖ్యమైంది న్యాయమూర్తుల సందర్శన. 1970 చివర్లో బాడెన్‌హార్స్ట్ అనే క్రూరుడైన కమాండింగ్ ఆఫీసర్ వచ్చాడు. కొంతకాలానికి ముగ్గురు జడ్జీలు జైలు చూడ్డానికొచ్చారు. ఖైదీల తరఫున మాట్లాడమంటే మండేలా ఆ అధికారి ఎదుటే మాట్లాడతానన్నారు, ఒక ఖైదీని కొట్టిన సంగతి చెప్పారు. కళ్లతో చూడనిది మాట్లాడితే ఇబ్బందుల్లో పడతావని బాడెన్‌హార్స్ట్ వేలు చూపించి బెదిరించాడు. మండేలా జడ్జీల వైపు తిరిగి, మీ ముందే ఇలా బెదిరిస్తే మీరు లేనప్పుడు ఏం చేస్తాడో మీరే ఊహించుకోండి అన్నారు. మూడు నెలల్లో ఆ అధికారిని అక్కడి నుంచి మార్చేశారు. సాక్షి చేత అతని నోటితోనే నేరం ఒప్పించడం అంటారే, అది. ఆ ముగ్గురు జడ్జీల్లో ఒకరు మైకేల్ కార్బెట్. 1994 మే 10న ప్రిటోరియాలో మండేలా చేత అధ్యక్షుడిగా ప్రమాణం చేయించిన ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ఇంత గొప్ప సంగతి బి సెక్షన్‌లో నిలబడి వినకుండా వచ్చేయడం నాకు బాధగా ఉంటుంది. గైడ్లది తప్పు కాదు, ముప్పావుగంటలో వాళ్ల బతుకే చెప్పడానికి సరిపోదు. మ్యూజియం ఆవరణలో ఒక పలక పెట్టినా చాలు.

ఆ లోటు తీరాలంటే జోహానెస్‌బర్గ్ వెళ్లాలి. అక్కడ చాన్సలర్ హౌస్ ఉంది, ఫాక్స్ స్ట్రీట్‌లో, మేజిస్ట్రేట్ కోర్టు ఎదుట. మండేలా, టాంబోల ఆఫీసు ఈ మూడంతస్తుల భవనంలోనే. భారతీయుల సొంత కట్టడం కనుక నగరం నడిమధ్య వాళ్లకు అద్దెకి దొరికింది. పాస్ లేదని, తెల్లవాళ్ల తలుపులోంచి వెళ్లారని, తరాలుగా ఉన్న నేల ఖాళీ చేయమన్నారని వచ్చే జనం మెట్ల మీద, వసారాల్లో కూర్చునేవారు. ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో విధించే గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఆ ఆఫీసు కూడా చట్టవిరుద్ధమేనని ప్రభుత్వం తేల్చింది; 1960 నాటికి ప్రాక్టీసు మూతపడింది. లోపలికి వెళ్లి ఆఫీసు గది చూస్తామని ఆశ పెట్టుకోవద్దు. భవనాన్ని బాగుచేసినప్పుడు కింది అంతస్తు కిటికీల్లో, వీధిలో నిలబడి చదివేలా ఫొటోలు, కాగితాలు పెట్టారు. రోడ్డుకి అటుపక్క బాక్సింగ్ చేస్తున్న మండేలా ఉక్కు శిల్పం ఉంది. కోర్టు నడిచే పనిరోజు పగటిపూట వెళ్లండి, తెలిసిన గైడ్‌తో అయితే ఇంకా మంచిది. అరగంట చాలు.

ఎక్కువసేపు పెట్టాల్సింది కాన్‌స్టిట్యూషన్ హిల్‌లో. పాత కోట జైలు, నల్లవాళ్లను ఉంచిన నంబర్ ఫోర్, ఆడవాళ్ల జైలు, వీటి మధ్యలో దేశపు రాజ్యాంగ న్యాయస్థానం. గంట టూర్, రెండు గంటల టూర్ అని రెండున్నాయి. రెండు గంటలదే తీసుకోండి, గంటదాంట్లో ఆడవాళ్ల జైలు హడావిడిగా పోతుంది. 1962లో పట్టుబడ్డాక మండేలాను కొంతకాలం ఉంచింది ఈ కోటలోనే. 1908 జనవరిలో గాంధీతో పాటు ఆయన సహచరుడు తంబి నాయుడు జైలుకొచ్చిందీ ఇక్కడికే. ఆ తంబి నాయుడి మనవడు ఇంద్రెస్ నాయుడు 1963 నుంచి పదేళ్లు రాబెన్ ఐలాండ్‌లో గడిపారు. నాయుడు అన్న పేరు వినగానే మనవాళ్లు చెవులు రిక్కిస్తారు కనుక చెబుతున్నాను, ఒకే ఇంట్లో తాత ఈ జైలు, మనవడు ఆ జైలు చూశారు.

కోర్టు భవనం 2004 మార్చి 21న తెరిచారు. విచారణ ఖైదీల బ్లాకు కూల్చి, ఆ ఇటుకలనే కోర్టు హాలు గోడల్లో వాడారు; పాత బ్లాకు మెట్ల గదులు నాలుగు అలాగే ఉంచేశారు. ప్రధాన ద్వారం చెక్క తలుపుల మీద 27 హక్కులు చెక్కి ఉన్నాయి. ఈ కోర్టు 1995 ఫిబ్రవరిలో వేరే చోట మొదలైనప్పుడు మండేలాయే ప్రారంభించారు. తను అంతకుముందు కోర్టుకి హాజరైంది ఉరి పడుతుందో లేదో వినడానికని గుర్తుచేశారు. మొదటి అధ్యక్ష న్యాయమూర్తి ఆర్థర్ చాస్కల్‌సన్, రివోనియా కేసులో ఆయన తరఫు లాయర్లలో ఒకరు. ఆ ఏడు జూన్‌లోనే కోర్టు ఉరిశిక్ష కొట్టేసింది. కొన్ని నెలలకు, స్థానిక ఎన్నికల విషయంలో అధ్యక్షుడిగా మండేలా జారీ చేసిన ఉత్తర్వులనే చెల్లవంది. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పకుండా తీర్పుకి కట్టుబడ్డారు. టూర్ గైడ్ ఈ కేసు చెప్పకపోతే మీరే అడగండి.

జైళ్లకు టికెట్ ఉంది, కోర్టుకి లేదు. ఫిబ్రవరి-మార్చి, మే, ఆగస్టు-సెప్టెంబరు, నవంబరు నెలల్లో కోర్టు కొలువుదీరుతుంది, ఉదయం 10 గంటలకు వాదనలు మొదలవుతాయి. కోర్టు వెబ్‌సైట్లో కేసుల జాబితా చూసుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని వెళ్తే పబ్లిక్ గ్యాలరీలో ఎవరైనా కూర్చోవచ్చు. జైలు టూర్ మధ్యాహ్నానికి పెట్టుకుని, ఉదయం వాదనలు విన్నాక వెళ్లండి.